అటక మీది ట్రంకు పెట్టె దించారా? తుడిచే గుడ్డ అప్పుడే పట్టకండి

ఇల్లు మారేటప్పుడో, పాత ఇంటిని ఫ్లాట్లు కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చేటప్పుడో అటక మీంచి ఒక ట్రంకు పెట్టె దిగుతుంది. అందరి చేతులూ ఒకేసారి అందులోకి వెళ్తాయి. ఒకరు ఫొటోలు ఏరుకుంటారు, ఒకరు ఇత్తడి చెంబు పట్టుకుని చింతపండు కోసం వంటింట్లోకి వెళ్తారు, మిగిలిన కాగితాల్ని చూసి ఎవరో ఒకరు "ఇవన్నీ ఎందుకు, పాత పేపర్ కడైకి (పాత కాగితాలు కొనే కొట్టుకి) వేసేద్దాం" అంటారు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది, అరగంటలో. అప్పుడు చెల్లాచెదురైనదాన్ని మళ్లీ కూడగట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, అదీ సగమే దొరికింది. మీకు ఆ తిప్పలు వద్దని ఇది రాస్తున్నా.

మాది చెన్నైలో కొత్తవాల్ చావడి మార్కెట్ దగ్గర పప్పుల కొట్టు, అంటే తాత కాలంలో. మార్కెట్ 1996లో కోయంబేడుకి వెళ్లిపోయాక కొట్టు మూసేశాం, పద్దు పుస్తకాలు మాత్రం పెట్టెలో ఉండిపోయాయి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ స్కూల్లో నేను చదివింది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవే. చెన్నైలో చాలా తెలుగు ఇళ్ల సంగతి ఇదే. కాగితాలు తెలుగులో ఉంటాయి, వాటిని గడగడా చదవగలిగే మనిషికి ఎనభై ఏళ్లు దాటి ఉంటాయి. కాబట్టి తొందరపడాల్సింది స్కానర్ కొనడానికి కాదు, ఆ మనిషి పక్కన కూర్చోవడానికి.

సరే, పెట్టె మూత తీశారు. చేయి పెట్టకుండా ముందు ఫోన్‌తో పైనుంచి ఒక ఫొటో తీయండి. ఒక వరుస తీసి పక్కన పెట్టి మళ్లీ ఫొటో. అడుగు కనిపించేదాకా ఇలాగే. ఒక నోట్‌బుక్‌లో నంబర్లు వేసుకుంటూ రాయండి: ఏ పెట్టె, ఎన్నో వరుస, ఏం వస్తువు, దేనితో కలిపి ఉంది. ఒక పుస్తకం మధ్యలో ఉత్తరం ఉంటే అది ఏ పేజీల మధ్య ఉందో రాసి అక్కడే ఉంచండి. రకాలుగా విడదీసి "ఉత్తరాలు ఒక చోట, ఫొటోలు ఒక చోట" అని సర్దాలనిపిస్తుంది, మా పెద్దనాన్న కొడుకు అలాగే సర్దాడు, చూడ్డానికి చాలా నీటుగా ఉంది. దాంతో ఏ ఫొటో ఏ ఉత్తరంతో వచ్చిందో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

ఇది ఇళ్ల సమస్య మాత్రమే కాదు. ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసే ఉంటారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి అమరావతి బౌద్ధ స్తూపం దగ్గర తవ్వించి రాళ్లని మద్రాసుకి తెప్పించాడు, అవి కొన్నేళ్లు ఎండకీ వానకీ ఆరుబయట పడి ఉన్నాయి, వాటిలో చాలావాటిని 1859లో లండన్ పంపేశారు. రాళ్లు బతికాయి. కానీ ఏ రాయి స్తూపంలో ఎక్కడ నిలబడి ఉండేదో పూర్తిగా రాసి పెట్టలేదు కాబట్టి పండితులు ఇప్పటికీ ఆ లెక్క తేల్చుకుంటూనే ఉన్నారు. మన ట్రంకు పెట్టె అంత గొప్పది కాకపోవచ్చు, జరిగే నష్టం మాత్రం అదే రకం.

ఖాళీ పేజీల సంగతి కూడా చెప్పాలి. మా తాత పద్దు పుస్తకం ఒకదాంట్లో మధ్యలో రెండు నెలలకి పైగా ఏమీ రాయలేదు, పైన తేదీలు మాత్రం వేసి వదిలేశారు. ఆ కాగితాలు చింపి కిరాణా చీటీలకి వాడదామని మా ఇంట్లో అనుకున్నారు కూడా. అవ్వని అడిగితే వెంటనే చెప్పింది: "జపాను వాళ్లు బాంబులేస్తారని ఊరు ఖాళీ చేయలేదూ, మేమంతా నెల్లూరు పోయాం, కొట్టుకి తాళం." 1942 ఏప్రిల్‌లో మద్రాసు ఖాళీ అయిన సంగతి పుస్తకాల్లో ఉంది. మా కొట్టు ఎన్ని రోజులు మూసి ఉందో మాత్రం ఆ ఖాళీ పేజీల్లోనే ఉంది.

పెద్దవాళ్లని అడగడం ఎలా

"పాత విషయాలు చెప్పు అవ్వా" అంటే "ఏముంది చెప్పడానికి" అంటారు. వస్తువు చేతిలో పెట్టండి. ఈ చెంబు ఎవరిది, ఈ ఫొటోలో ఎడమ పక్క ఉన్నది ఎవరు, ఈ ఉత్తరం రాసినాయన మనకి ఏమవుతాడు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, మొదట్లోనే ఆ రోజు తేదీ, మాట్లాడుతున్నవాళ్ల పేరు, వస్తువు నంబరు గట్టిగా చెప్పండి. లేకపోతే రెండేళ్ల తర్వాత నలభై ఆడియో ఫైళ్లలో ఏది ఏదో తెలియక టెన్షన్. ఫ్యాన్ ఆపండి, మిక్సీ వేయొద్దని ఇంట్లో చెప్పండి. అరగంట చాలు. వాళ్లు చెప్పింది తప్పని మీకు తెలిసినా దిద్దకండి, చెప్పింది చెప్పినట్టు ఉంచి మీ అనుమానం పక్కన వేరుగా రాసుకోండి.

ఈ పద్ధతి మనకి కొత్తదేం కాదు. రెండు వందల ఏళ్ల కిందట సర్వే అధికారి కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల్నీ పెద్దల్నీ అడిగి, శాసనాలు నకలు చేసుకుని సమకూర్చిన ఊళ్ల చరిత్రలే మనం కైఫీయతులు అంటున్నవి. ఊరి కైఫీయతు వాళ్లు రాశారు, ఇంటి కైఫీయతు మనం రాసుకోవాలి.

ఇత్తడి, కంచు, స్టీలు సామాను గురించి ఇక్కడే చెప్పేస్తా. మన వాళ్లకి గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉంది కదా, ఎవరి పెళ్లికి ఎవరు ఇచ్చారో, ఒక్కోసారి తేదీతో సహా. అది నిజంగా ఒక రికార్డు. చింతపండూ ముగ్గూ పెట్టి తోమిన ప్రతిసారీ ఆ చుక్కలు కాస్త కాస్త అరిగిపోతాయి. మెరుపు కోసం తోమకండి, పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తీస్తే చాలు. అరిగిన అక్షరాలు చదవాలంటే చీకటి గదిలో గిన్నె పెట్టి టార్చి లైటు పక్క నుంచి, దాదాపు గిన్నెకి ఆనించినట్టు వేయండి. నీడలు పడి అక్షరాలు లేస్తాయి. పాత నాణేలకీ ఇదే ఉపాయం, వాటినీ తోమొద్దు.

తేదీ లేని కాగితానికి సంవత్సరం కనిపెట్టడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. మా పద్దు పుస్తకం మీద "చిత్రభాను నామ సంవత్సరం" అని ఉంది, అంతే. అరవై ఏళ్ల చక్రం కాబట్టి అది 1882 కావచ్చు, 1942 కావచ్చు, 2002 కావచ్చు. లెక్కలు అణాల్లో ఉన్నాయి, నయా పైసలు వచ్చింది 1957లో, కాబట్టి 2002 కాదు. 1882 నాటికి మా కొట్టే లేదు. మిగిలింది 1942, ఖాళీ పేజీలు కూడా దానికే సరిపోయాయి. ఇలా రెండు మూడు ఆనవాళ్లు కలిసేదాకా తేదీ ఖాయం చేయకండి.

భూమి కాగితాల మీద ఫసలీ (పాత రెవెన్యూ సంవత్సరం) అని ఉంటే దానికి 590 కలపండి, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940 జులై నుంచి 1941 జూన్ దాకా. శాలివాహన శకం అయితే 78 కలపాలి. పద్దుల్లో ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు ఉంటాయి, వాటి పక్కన నిలువు గీతలూ అడ్డగీతలూ కనిపిస్తే అవి పిచ్చి గీతలు కావు: నిలువు గీత నాలుగో భాగం, అడ్డగీత పదహారో భాగం. రూపాయికి పదహారు అణాలు కాబట్టి నిలువు గీత ఒకటి ఉంటే పావలా, అడ్డగీత ఒకటి ఉంటే అణా. ఇది తెలియక నేను ఒక పుస్తకం మొత్తం తప్పుగా లెక్క వేశాను.

కవర్లూ పోస్టుకార్డులూ ఇంకా తేలిక. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, అంతకుముందు టి.నగర్ చిరునామాకి "మద్రాసు-17" అని మాత్రమే రాసేవాళ్లు (ఇప్పుడు 600017 అయింది అదే). "మద్రాస్ స్టేట్" అని అచ్చు ఉంటే అది 1969కి ముందుది, ఎందుకంటే ఆ ఏడు జనవరిలో పేరు తమిళనాడు అయింది. "చెన్నై" అని ఇంగ్లీషులో అచ్చేసిన లెటర్‌హెడ్ ఉంటే 1996 తర్వాతదే అనుకోవచ్చు. తెలుగులో మాత్రం ఈ సూత్రం పనిచేయదు, మన వాళ్లు చెన్నపట్నం, చెన్నపురి అని ఎప్పటి నుంచో రాస్తున్నారు.

కాగితం జోలికి వెళ్లేటప్పుడు

చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరనివ్వండి. గ్లవ్స్ వద్దు, కాగితం అంచు వేలికి తెలియక చిరిగిపోతుంది. గ్లవ్స్ ఫొటోలకీ లోహపు వస్తువులకీ పెట్టుకోండి. వేలు తడి చేసుకుని పేజీ తిప్పే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి. దుమ్ము తీయడానికి కొత్త మెత్తటి షేవింగ్ బ్రష్ చాలు, మధ్య నుంచి అంచుల వైపుకి. మొదటి పేజీ మీద పూజలో పెట్టిన పసుపు కుంకుమ మరకలు ఉంటే తుడవొద్దు, అవి ఆ పుస్తకం కథలో భాగమే. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు నెమ్మదిగా తీసేయండి, రబ్బరు బ్యాండ్లు కూడా. ఏం రాసినా మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, అదీ వెనక వైపు ఒక మూల.

సెల్లోటేప్ వేయకండి, దాని జిగురు పసుపు రంగుకి తిరిగి కాగితంలోకి దిగిపోతుంది. ల్యామినేషన్ అసలు వద్దు. తాత రాసిన ఒకే ఒక్క ఉత్తరాన్ని నేను ప్రేమ కొద్దీ మా వీధిలోని జిరాక్స్ షాపులో ల్యామినేట్ చేయించాను. వేడికీ జిగురుకీ సిరా మసకబారింది, ఇప్పుడు దాన్ని ప్లాస్టిక్ నుంచి విడదీసే దారి లేదు. తప్పు షాపువాడిది కాదు, నాదే.

ఎక్కడ పెట్టాలి? మన వాళ్లు పెట్టే చోటే అన్నిటికన్నా చెడ్డది: మిద్దె శ్లాబు కింద అటక, వేసవిలో అక్కడ కాగితం అప్పడం అవుతుంది. బయటి గోడకి ఆనకుండా ఉన్న బీరువాలో, నేల నుంచి అడుగు పైన పెట్టండి. చెన్నైలో అసలు శత్రువు తేమ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీను. కోరా నూలు గుడ్డని రెండు సార్లు ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి అందులో చుట్టండి. గంజికి పురుగులు వస్తాయి. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినదే పెట్టండి, పచ్చి ఆకు తేమ తెస్తుంది. కాగితంలో సన్నటి సొరంగాల్లాంటి కంతలు ఉండి, పక్కన తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. ఆ కట్టని పాలిథిన్ కవర్లో గాలి లేకుండా మూసి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా మామూలు వేడికి రానివ్వండి.

తడిసిపోతే? 2015 డిసెంబరు వరదల్లో సైదాపేటలో మా బాబాయి ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి, అక్కడ మూడు పద్దు పుస్తకాలు ఉన్నాయి. నీళ్లు తీశాక మిద్దె మీద ఎండలో ఆరేశాం. అవి ఇటుకల్లా గట్టిపడిపోయాయి. చేయాల్సింది వేరు. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, కాబట్టి ఆ లోపల చేయగలిగినన్నింటిని నీడలో, ఫ్యాన్ కింద, కొన్ని పేజీలకి ఒకటి చొప్పున అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. మిగిలినవాటిని కవర్లలో చుట్టి ఫ్రీజర్‌లో పడేస్తే బూజు ఆగుతుంది, తర్వాత ఒక్కొక్కటిగా చూసుకోవచ్చు. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే పొడిగా లాగొద్దు. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోని ఊడదీయకుండా అద్దంతోనే ఫొటో తీసుకోండి.

తాటాకు కట్ట దొరికితే నా సలహా ఒక్కటే: దుమ్ము దులిపి అక్కడితో ఆగండి. నిమ్మగడ్డి నూనె రాయడం, గంటంతో గీసిన అక్షరాల్లోకి మసి దట్టించడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని. ఆకులు అంటుకుని ఉంటే విడదీయకండి, దారం తెంపకండి. చివరి ఆకు ఒక్కటి ఎవరిచేతైనా చదివించండి, రాసినవాడి పేరు, సంవత్సరం, తిథి చాలాసార్లు అక్కడే ఉంటాయి.

కోడంబాక్కం, వడపళని వైపు సినిమా పని చేసిన కుటుంబాలకి ఒక హెచ్చరిక. 1950ల మొదటికి ముందటి సినిమా రీళ్లు నైట్రేట్ ఫిల్మ్ అయి ఉండొచ్చు, అది చాలా సులువుగా అంటుకుంటుంది, ఇంట్లో ఉంచే వస్తువు కాదు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ని అడగండి. తర్వాతి కాలం రీళ్లు వెనిగర్ వాసన కొడితే అవి చెడిపోవడం మొదలైనట్టే, మిగతా వాటికి దూరంగా పెట్టండి.

ఫొటో తీయడం, దాచడం

స్కానర్ ఉంటే కాగితానికి 300 డీపీఐ, ఫొటోలకి 600. లేకపోతే ఫోన్ చాలు: కిటికీ పక్క వెలుతురు, ఫ్లాష్ వద్దు, ఫోన్ పేజీకి సమాంతరంగా, పక్కన ఒక చిన్న స్కేలు పెట్టి. అట్టలు, వెనక వైపులు, ఖాళీ పేజీలు అన్నీ తీయాలి. ఫైలు పేరులో సంవత్సరం, పెట్టె నంబరు, వరుస నంబరు ఉంటే ఎప్పుడైనా దొరుకుతుంది. కాపీలు మూడు, వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా వేరే ఊళ్లో చుట్టాల దగ్గర.

అన్నీ స్కాన్ చేయాలని కూర్చుంటే ఎప్పటికీ అవ్వదు. 1854 నుంచి మద్రాసులో అచ్చేసిన వావిళ్ల వారి పుస్తకం మీ దగ్గర ఉంటే సంతోషమే, కానీ అది ఇంకెక్కడో కూడా ఉంటుంది, ఇప్పటికే నెట్‌లో ఉందేమో ముందు చూడండి. ప్రపంచంలో ఒక్కటే ఉన్నది ఏదో దానితో మొదలుపెట్టాలి: పద్దు, ఉత్తరం, చేతిరాత వంటల పుస్తకం, శుభలేఖ, మీ వీధి కనిపించే ఫొటో.

ఎవరికైనా ఇవ్వాలనుకుంటే తాటాకులకీ రాతప్రతులకీ 1869 నాటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, ఇప్పుడు కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో. మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరించినవి చాలా అక్కడే ఉన్నాయి, కాబట్టి తెలుగు అక్కడ అతిథి కాదు. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ముఖ్యంగా ఉండేవి ప్రభుత్వ రికార్డులు. మీ ఇంటి కాగితాలు ఇవ్వడానికన్నా మీ కాగితంలో ఉన్న సంగతికి జోడీ వెతకడానికి వెళ్లండి. ఎక్కడ ఇచ్చినా కట్టని విడగొట్టకుండా ఇవ్వండి, మీ నోట్‌బుక్ నకలు కూడా ఇవ్వండి, వస్తువుల జాబితా మీద సంతకంతో రసీదు తీసుకోండి. నోటిమాట మీద ఇవ్వకండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి "తాటాకులు నేను తీసుకెళ్తా" అంటే ఆపండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువులు, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందకి వస్తాయి, వాటిని దేశం దాటించడం నేరం. పాత విగ్రహాలు ఉంటే పురావస్తు శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి. పునాది తవ్వుతుంటే లంకెబిందె బయటపడితే 1878 నుంచీ ఉన్న చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాల్సిందే, అది సినిమా కథ కాదు.

నెట్‌లో పెట్టాలంటే వికీమీడియా కామన్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి. అయితే ఉత్తరం మీ దగ్గర ఉన్నంత మాత్రాన కాపీరైట్ హక్కు మీది కాదు, రాసినవాళ్లది, వాళ్లు పోయాక వాళ్ల వారసులది. ఇంకో సంగతి, చట్టంతో పనిలేనిది. మా పద్దుల్లో అరువు ఖాతా ఒకటి ఉంది, ఎవరెవరు ఎంత బాకీనో, తీర్చనివాళ్ల పేర్లతో సహా. వాళ్ల మనవళ్లు ఇప్పటికీ ఆ వీధుల్లోనే ఉన్నారు, పెళ్లిళ్లలో కలుస్తాం. ఆ పుస్తకం ఫొటోలు తీసి దాచాను, ఎవరికీ చూపించలేదు. అవ్వకి ఒక్కసారి చూపిస్తే ఒక పేరు మీద వేలు పెట్టి, "ఈయన తీర్చాడు, మీ తాత కొట్టేయడం మర్చిపోయాడు" అంది. పక్కన పెన్సిల్‌తో రాసి, తేదీ వేశాను.